కర్ర రోడ్డు మీద పాతారా, మీ షట్టర్‌కు అడ్డంగానా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది తెనాలి. అద్దె షాపులో పదేళ్లుగా మ్యాచింగ్ సెంటర్ నడుపుతున్నాను. 2025 వినాయక చవితికి మా షాపు ముందే పందిరి వేశారు. కర్ర అడ్డం వచ్చి తొమ్మిది రోజులూ షట్టర్ సగమే లేచింది, బేరాల్లేవు. నిమజ్జనం రోజు రంగులు లోపలికి పడి జాకెట్ ముక్కలు, లైనింగులు పాడయ్యాయి. మొత్తం రెండు లక్షల నష్టం. నేనూ భక్తుడినే, 5,116 రూపాయల చందా కూడా ఇచ్చాను. ఇదేంటని అడిగితే కమిటీ సెక్రటరీ ‘దేవుడి కంటే నీ వ్యాపారం ఎక్కువా’ అని అందరి ముందూ అవమానించాడు. వాళ్లను లోపల వేయించవచ్చా? సరుకు నష్టానికి పాత తేదీలతో బిల్లులు ఇస్తానని హోల్‌సేల్ అతను అంటున్నాడు.

జవాబు: మీ ఉత్తరంలో రెండున్నర పేజీలు సెక్రటరీ అన్న మాట గురించే ఉన్నాయి. ఆ మాటతో కోర్టుకు పనిలేదు. పని ఉన్నది ‘షట్టర్ సగమే లేచింది’ అన్న ఒక్క ముక్కతో. దాన్ని మీరు దారిన పోతూ అన్నట్టు రాసేశారు.

పందిరి రోడ్డుకు అడ్డమైతే అది వీధి మొత్తానికి ఇబ్బంది. దాని మీద ఒక్కరే దావా వేస్తే ‘అందరికీ ఉన్న కష్టమేగా, నీకు ప్రత్యేకంగా ఏం పోయింది?’ అని అడుగుతారు. అలాంటి దావాకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 91వ సెక్షన్ కింద కనీసం ఇద్దరు కలవాలి, కోర్టు అనుమతీ కావాలి. కానీ రోడ్డు మీద నుంచి తన షాపులోకి వెళ్లే దారి షాపువాడి సొంత హక్కు. దానికి అడ్డం పెడితే నష్టం మీ ఒక్కరిది, మీరొక్కరే దావా వేయవచ్చు.

మీరు పంపిన నాలుగు ఫొటోల్లో మూడింటి నిండా విగ్రహమే. నాలుగో దాంట్లో మీ అమ్మాయి ప్రసాదం దొన్నె పట్టుకుని నవ్వుతోంది. ఆ వెనకాల నడుము ఎత్తు దాకా లేచిన షట్టర్, దాని గాడిని ఆనుకుని సరుగుడు కర్ర. మీ కేసంతా ఆ మూలనే ఉంది. అది తీసిన ఫోన్‌ను అమ్మకండి, రీసెట్ చేయకండి. ఫొటో సాక్ష్యంగా నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి.

లోపల వేయించే మాట మర్చిపోండి. దారికి అడ్డం పెట్టినందుకు భారతీయ న్యాయ సంహిత 285 కింద పడేది 5,000 రూపాయల దాకా జరిమానా, అంతే. జరిమానా మాత్రమే ఉన్న నేరానికి ఆరు నెలల్లో కదలాలి. మీరు మార్చి దాటాక నిద్రలేచారు. రంగులు కావాలనే పోశారని రుజువు చేయడం కూడా తేలిక కాదు. మిగిలింది నష్టపరిహారం దావా. దారికి అడ్డం పెట్టిన తేదీ నుంచి మూడేళ్ల గడువుంది, 2028 ఆగస్టు దాటనివ్వకండి.

ఇక ఆ బిల్లుల సంగతి. చచ్చినా తీసుకోవద్దు. ఆ సరుకు హోల్‌సేల్ అతని జీఎస్టీ రిటర్నుల్లో ఉండదు. అవతలి లాయర్ ఆ రిటర్నులు తెప్పించిన రోజు మీ నిజమైన నష్టం కూడా అబద్ధమైపోతుంది. పైగా కోర్టులో దొంగ సాక్ష్యం సృష్టిస్తే ఏడేళ్ల దాకా జైలు. కమిటీ వాళ్లను లోపల వేయించాలని బయల్దేరి మీరు లోపలికి పోతారు.

ఒక మాట అనక తప్పదు. తొమ్మిది రోజుల్లో పోలీస్ స్టేషన్లో ఒక్క కాగితం ఇవ్వలేదు. వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజ్ కూడా ఎవరో చెప్పారని తీసేశారు. రంగు పడిన ముక్కలను సగం ధరకు అమ్మేశారు. పందిరి ప్రారంభంలో మీరు కొబ్బరికాయ కొడుతున్న ఫొటో మాత్రం కమిటీ దగ్గర భద్రంగా ఉంటుంది. చందా ఇస్తే షట్టర్ మూసుకోమని అర్థం కాదు గానీ, క్రాస్ ఎగ్జామినేషన్‌లో (అవతలి లాయర్ మిమ్మల్ని ప్రశ్నించేటప్పుడు) ఆ ఫొటో చూపించి తీరతారు.

రెండు లక్షలని రాయకండి. అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి, రుజువు లేనిది ఎలాగూ రాదు. మీ స్కానర్‌కు వచ్చిన డబ్బుల స్టేట్‌మెంట్ బ్యాంకులో తీసుకోండి. 2024 చవితి తొమ్మిది రోజులు, 2025 చవితి తొమ్మిది రోజులు పక్కపక్కన పెట్టండి. ఆ తేడాను మీ జీఎస్టీ లెక్కలతో సరిచూడండి. అంతవరకే అడగండి.

దావా ఎవరి మీద? రిజిస్టర్ కాని కమిటీ పేరు మీద వేస్తే నిలవదు. పందిరి అనుమతికి సంతకాలు పెట్టిందెవరో, షరతులేమిటో సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో చెప్పాలి. ఆ సంతకాలే మీ ప్రతివాదులు. ముందు మీ కోర్టు ఆవరణలోని మండల న్యాయసేవాధికార కమిటీలో అర్జీ పెట్టి లోక్ అదాలత్‌కు పిలిపించండి, ఖర్చుండదు. అక్కడ రాజీ కుదిరితే అది డిక్రీతో, అంటే కోర్టు తీర్పుతో సమానం.

అన్నిటికంటే ముందు మీ మెట్టు చూసుకోండి. మన ఊళ్లలో సగం షాపుల మెట్లు మునిసిపల్ కాలువ మీదే ఉంటాయి. మీదీ అంతే అయితే, ‘ఆక్రమణ చేసింది నువ్వా, మేమా’ అన్నదే వాళ్ల మొదటి ప్రశ్న. దానివల్ల షాపులోకి దారి హక్కు పోదు. అయితే దావాలో కర్ర మెట్టు మీద ఉందని కాదు, షట్టర్‌కు అడ్డం వచ్చిందని రాయించండి. అద్దె అగ్రిమెంటు గడువు ఉందో లేదో కూడా చూడండి.

ఈసారి చవితి 2026 సెప్టెంబర్ 14న. అనుమతులు ఇవ్వకముందే, షట్టర్ ముందు ఆరడుగులు వదలాలని పోలీసులకూ మునిసిపల్ కమిషనర్‌కూ రాసి రసీదు తీసుకోండి. పోలీసులను కూడా చేర్చి ఇంజంక్షన్ దావా (అడ్డం పెట్టకుండా ఆపమని కోర్టును అడిగే దావా) వేయాలంటే రెండు నెలల ముందు నోటీసివ్వాలి, అంటే జూలై మొదటి వారానికల్లా. మరీ అత్యవసరమైతే నోటీసు లేకుండా కోర్టు అనుమతితో వేయవచ్చు. కానీ తేదీ తెలిసిన పండక్కి అత్యవసరమంటే జడ్జి గారు నమ్మరు. పందిరి రాట పాతే రోజు షాపు దగ్గరే ఉండండి, టేపు పెట్టి కొలిచి ఫొటో తీయండి.