తరలించింది ఎవరు?

చిరంజీవికి,

డచ్ యూదు చరిత్రకారుడు జాక్ ప్రెస్సర్ మీద నువ్వు రాసిన వ్యాసం రాత్రి రెండుసార్లు చదివాను. రెండోసారి ఎర్రకలం పట్టుకుని. "తరలించబడ్డారు", "చంపబడ్డారు" - ఇలాంటివి పదకొండు లెక్కపెట్టాను. ఎవరు తరలించారయ్యా?

ఈ 'బడు' తెలుగువాళ్ల నోట రాదు. (కనబడు, వినబడు సంగతి వేరు.) "అన్నం తినబడింది" అని మీ అమ్మ ఎప్పుడైనా అన్నదా? పోనీ, భాష గొడవ పక్కన పెట్టు. నువ్వు రాస్తున్నది నాజీ జర్మనీ నెదర్లాండ్స్‌ను ఆక్రమించినప్పుడు ఆ శత్రువుకు చేయందించిన వాళ్ల చరిత్ర. అందులో కర్తను మింగేస్తే ఇంకేం మిగులుతుంది? ఆమ్‌స్టర్‌డామ్‌లో యూదుల తలుపులు తట్టిన వాళ్లలో డచ్ పోలీసులున్నారు. యూదులను పోగేసి ఉంచిన వెస్టర్‌బోర్క్ శిబిరం నుంచి చంపే శిబిరాల వైపు మంగళవారం మంగళవారం బండి నడిపింది డచ్ రైల్వే. బండెక్కాల్సిన వాళ్ల జాబితాల పని శిబిరంలోని యూదుల చేతే చేయించారు జర్మన్లు. ఈ చివరి మాట రాయడానికి ఒక యూదుడికి ఎంత గుండె కావాలి! ప్రెస్సర్ రాశాడు. జర్మన్లు తమ ఆజ్ఞలు అమలు చేయించడానికి పెట్టించిన యూదు మండలిని నడిపిన అస్చర్‌నూ కోహెన్‌నూ వదల్లేదు. ఆ కోహెన్ కూడా చరిత్ర ఆచార్యుడే.

1978లో ఒక వారపత్రికకు కథ పంపాను. కరువు పనుల జాబితాలో కరణం ఏడు ఇళ్ల పేర్లు కొట్టేస్తాడు. అచ్చులో చూస్తే "పేర్లు తొలగించబడ్డాయి" అని ఉంది. కరణం మాయం! అడిగితే, శైలికి గాంభీర్యం వస్తుందన్నాడు సంపాదకుడు. ఆయన బావమరిది కరణమని తర్వాత తెలిసింది. ఇప్పటి పత్రికల్లోనూ ఆ గాంభీర్యమే చూస్తున్నాను.

ఇంకొకటి. డచ్ యూదులను నాజీలు తుడిచిపెట్టిన చరిత్ర రాసే పనిని ప్రెస్సర్‌కు డచ్ యుద్ధ పత్రాల సంస్థ అప్పగించింది 1950లో, ఆ పుస్తకం వచ్చింది 1965లో. నువ్వేమో "ఆలస్యం జరిగింది" అని దాటేశావు. 1943 మార్చిలో ఆయన భార్య డెబోరా దొరికిపోయింది. నాజీలు ఆమెను సోబిబోర్ మరణ శిబిరంలో చంపారు. పదిహేనేళ్లు ఆయన తిరగేసిన ఆ కాగితాలు ఆమెను పంపిన యంత్రాంగానివే. దాన్ని ఆలస్యం అంటారా? ఆ మధ్యలోనే, తోటివాళ్లను బండెక్కించే ఒక యూదు ఉపాధ్యాయుడి కథను నవలికగా రాశాడు, 1957లో. దాని గురించి నువ్వు రాసిన పేరా చదివి కాసేపు కలం పక్కన పెట్టాను.

కలంపేరు గురించీ, పోటీల గురించీ అడిగావు. తర్వాత చూద్దాం. వ్యాసం తిప్పి పంపుతున్నాను. పదకొండు చోట్లా ఎవరు చేశారో వెతికి రాయి. దొరకని చోట 'బడు'తో పూడ్చకు, ఖాళీగా వదిలి పంపు. నేనూ వెతుకుతాను.