కాగితం ఉబ్బుతోంది, రంగు బురదవుతోంది

ప్రశ్న: మాస్టారూ, నాకు యాభై రెండేళ్లు. ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. పిల్లలు ఉద్యోగాలకని వెళ్లిపోయాక సరదాగా వాటర్ కలర్స్ మొదలుపెట్టాను. మన కొండారెడ్డి బురుజు వేద్దామని కూర్చుంటే కాగితం అప్పడంలా లేస్తోంది, ఆకాశమంతా చారలు, రంగులు కలిపితే బురద. "ఇది బురుజా, నీళ్ల ట్యాంకా?" అంటున్నారు మా ఆయన. ఈ వయసులో చెయ్యి తిరుగుతుందా? క్లాసులో చేరమంటారా?
- ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: మిషను మీద కుట్టు నేరుగా పోనిచ్చే చెయ్యి కదమ్మా మీది, దానికేం ఢోకా లేదు. ముందు కాగితం మార్చండి. పిల్లల ప్రాజెక్టులకు అమ్మే డ్రాయింగ్ షీటు పెన్సిలుకు పనికొస్తుంది గానీ నీళ్లకు ఆగదు. అంగట్లో 300 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందపాటి వాటర్ కలర్ పేపరే కావాలని అడగండి. ఖరీదెక్కువే. అందుకే పోస్టుకార్డంత ముక్కలు కోసుకుని, ఒక్కోదాన్ని అట్ట మీద నాలుగువైపులా మాస్కింగ్ టేపుతో అంటించండి. రంగులు స్టూడెంట్ రకం, అంటే నేర్చుకునేవాళ్ల కోసం చవగ్గా అమ్మేవి చాలు, ఉన్న డబ్బు కాగితం మీద పెట్టండి.

ఆకాశంలో చారలకు మన ఎండ, ఫ్యాను కారణం. 40 డిగ్రీలు దాటిన రోజున బ్రష్షు మళ్లీ ముంచి తెచ్చేలోపే మొదటి గీత అంచు ఆరిపోతుంది, ఆ అంచే చారగా కనిపిస్తుంది. కావాలంటే మీ ఆయన్నే ఫ్యాను కింద కూర్చుని ఒక ఆకాశం వేయమనండి! మీరు మాత్రం పొద్దున్నే, ఫ్యాను ఆపి వేయండి. ఆకాశానికి సరిపడా రంగునీళ్లు ముందే గిన్నెలో కలిపి పెట్టుకోండి. అట్ట పైఅంచు కింద ఒక పుస్తకం పెడితే కాస్త వాలుగా ఉంటుంది. అడ్డంగా ఒక గీత లాగితే దాని కింది అంచున రంగునీళ్లు నిలుస్తాయి. తర్వాతి గీత ఆ తడిని అందుకుని కిందికి దించాలి. సగం ఆరిన చోట మళ్లీ బ్రష్షు పెడితే మరక ఖాయం. ఆరిందో లేదో తెలియకపోతే వేళ్ల వెనకవైపు మెల్లగా ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

బురద సంగతి. ఒకేసారి రెండు రంగులకు మించి కలపొద్దు. అల్ట్రామెరీన్ బ్లూ అనే ముదురు నీలంలో బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు కలిపితే నీడలకు మంచి బూడిద రంగు వస్తుంది. నల్ల ట్యూబు అక్కర్లేదు, తెల్లదీ అక్కర్లేదు. తెలుపు కావాల్సిన చోట కాగితాన్నే వదిలేయాలి. లేత రంగుతో మొదలుపెట్టి ముదురుకు వెళ్లండి. ఆరాక ఏ రంగైనా కాస్త వెలుస్తుంది, కంగారు పడొద్దు. బ్రష్షు కడగడానికి ఒక గ్లాసు, మంచినీళ్లకు ఇంకోటి.

అయినా మొదటి బొమ్మకే బురుజెందుకమ్మా? ఊళ్లో అందరికీ దాని రూపు తెలుసు, గోడ ఏమాత్రం ఒరిగినా పట్టేస్తారు. నంద్యాల రోడ్డులో ఓర్వకల్లు రాళ్లున్నాయి కదా, అవి వేయండి. అక్కడ బండ ఎటు వంగినా అడిగేవాడు లేడు. యెల్లో ఆకర్ అనే మట్టి పసుపు రంగు బాగా పలచన చేసి బండంతా పూయండి. అది పూర్తిగా ఆరాక నీడ వైపు మాత్రం ఆ బూడిద రంగు ఒక్క పూత. బండ లేచి నిలబడుతుంది. రాళ్ల మధ్య నీళ్ల జోలికి ఇప్పుడే పోవద్దు, అందులో రాళ్ల ప్రతిబింబాలు రప్పించడం పెద్ద పని. అంతదూరం వెళ్లే వీలు లేకపోతే పెరట్లో పాత రోలున్నా సరే, అదీ బండే.

క్లాసుకు తొందరేం లేదు. బండలు వేస్తూ పోతే ఎక్కడ చెయ్యి ఆగుతోందో మీకే తెలుస్తుంది. నీడ అంచు మెత్తగా రావట్లేదనో, దూరపు కొండ వెనక్కి వెళ్లట్లేదనో చెప్పగలిగిన రోజున వెళ్లండి. అప్పుడు మాస్టరు మీకు మొదటి రోజే ఆపిల్ పండు ఇచ్చి, దాని బొమ్మ వేయమని కూర్చోబెట్టరు.