రెండు తుపాకుల మధ్య ఊరు

ప్రశ్న: గెరిల్లా యుద్ధంలో ఊళ్లోవాళ్లే ఎందుకంతగా బలైపోతారు?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: గెరిల్లాలకు అన్నం, దారి, కబురు అన్నీ ఊరే ఇవ్వాలమ్మా. అందుకే రెండు పక్షాలకూ ఊరి మీదే అనుమానం. పెరూ సంగతి చూడండి. అక్కడి లుకనమార్కా అనే పల్లె ప్రాంతంలో షైనింగ్ పాత్ అనే మావోయిస్టు గెరిల్లాలు, గ్రామస్థులు తమ కమాండర్‌ని చంపారన్న కక్షతో, 1983 ఏప్రిల్‌లో 69 మందిని గొడ్డళ్లతో, కత్తులతో, తుపాకులతో చంపారు. ఆరు నెలల పసిగుడ్డునీ వదల్లేదు. 1985 ఆగస్టులో అకోమార్కా అనే మరో పల్లెలో సైన్యం వంతు: ఆడవాళ్లనీ పిల్లల్నీ ఇళ్లలోకి తోసి, కాల్చి, నిప్పంటించింది. ఆ యుద్ధం మొత్తం మీద చనిపోయినవాళ్లలో నలుగురికి ముగ్గురు క్వెచువా వంటి స్థానిక భాషలవాళ్లేనని ఆ హింసపై విచారణ జరిపిన సత్య కమిషన్ 2003లో తేల్చింది. పేదల కోసమే పోరాటం అన్నవాళ్ల చేతుల్లోనూ చచ్చింది ఆ పేదలే! అకోమార్కా సైనికాధికారులకు శిక్ష పడేసరికి 2016 వచ్చింది. ఆ ఆలస్యం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.