గుట్ట ఎక్కేటప్పుడు క్లచ్ మాడిపోతుంటే

మట్టి గుట్ట ఎక్కబోతే మీ గో-కార్ట్ (చిన్న నాలుగు చక్రాల రేసు బండి) క్లచ్ పొగలు కక్కుతోందనీ, కొత్తది వేసినా అదే గతి పట్టిందనీ రాశారు. దయచేసి మూడోది కొనకండి. క్లచ్‌లో లోపం లేదు, గేరింగ్‌లో, అంటే పళ్లచక్రాల లెక్కలో ఉంది.

మీరు ఇచ్చిన లెక్కే చూడండి. ఇంజిన్ వైపు స్ప్రాకెట్‌కు (చైన్ పట్టే పళ్లచక్రం) 10 పళ్లు, ఇరుసు మీద దానికి 60, అంటే నిష్పత్తి 6: ఇంజిన్ ఆరు చుట్లు తిరిగితే ఇరుసు ఒక్క చుట్టు. టైరు 18 అంగుళాలు. సెంట్రిఫ్యూగల్ క్లచ్ (ఇంజిన్ వేగం పెరిగితే దానంతట అదే పట్టుకునేది) సుమారు 2000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర పట్టు అందుకుంటుంది. ఆ లెక్కన మీ బండి గంటకు 29 కిలోమీటర్ల వేగం అందుకునేదాకా క్లచ్ జారుతూనే ఉంటుంది. ఎగుడుదిగుడు గుట్ట మీద ఆ స్పీడు ఎక్కడ వస్తుంది? జారినంతసేపూ వేడెక్కుతుంది, అంతే.

మధ్యలో జాక్‌షాఫ్ట్ పెట్టండి. రెండు బేరింగుల మీద తిరిగే చిన్న షాఫ్ట్, దాని మీద రెండు స్ప్రాకెట్లు. ఇంజిన్ 10 పళ్ల నుంచి దీని 30కి ఒక చైన్, దీని 18 నుంచి ఇరుసు మీదున్న 60కి ఇంకొకటి. నిష్పత్తి 10 అవుతుంది, కాబట్టి బండి ఇంకా తక్కువ వేగంలో ఉండగానే క్లచ్ పట్టు అందుకుంటుంది. 3600 ఆర్‌పీఎం దగ్గర టాప్ స్పీడు గంటకు 52 కిలోమీటర్ల నుంచి 31కి తగ్గుతుంది. మట్టిలో అది చాలు, నిజానికి అదే సరదా.

పాత బైకు స్ప్రాకెట్లు పనికొస్తాయి, చైన్ పిచ్ (లింకుల పిన్నుల మధ్య దూరం), వెడల్పు రెండూ కలవాలి. నిటారైన ఇనుప పట్టీ ఆనించి ఒక్కో చైన్ పట్టే రెండు పళ్లచక్రాలూ ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూసుకున్నాకే వెల్డింగ్ చేయండి. బ్రేకు మాత్రం జాక్‌షాఫ్ట్ మీద వద్దు, ఇరుసు మీదే ఉంచండి. చైన్ తెగితే బండి ఆగాలి కదా.