ప్రళయ కావేరి నడుమ ఒక ఊరు

ప్రశ్న: జిల్లాలు విడదీశాక తడ, సూళ్ళూరుపేట మన తిరుపతి జిల్లాలోకి వచ్చాయి కదా. పులికాట్ సరస్సు మధ్య దీవి మీద ఇరకం అనే ఊరుందని మా అబ్బాయికి బళ్ళో చెప్పారట. మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. ఆ ఊరు ఎలా ఉంటుంది? దాని చరిత్ర ఏమిటి? సెలవుల్లో పిల్లలతో పిక్నిక్‌కి వెళ్ళొచ్చా?
– ఒక గృహిణి, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: ఉందమ్మా, మీ అబ్బాయి చెప్పింది నిజమే. తడ మండలంలో ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా అది నెల్లూరు జిల్లా ఊరు. నా ఉద్యోగం చాలావరకు సూళ్ళూరుపేట వైపే గడిచింది. ఇరకం గురించి ఎవరైనా అడిగితే నాకు ఎంతసేపు చెప్పినా తనివి తీరదు.

ముందు నీళ్ళ సంగతి చెప్పాలి. పులికాట్‌ను అక్కడి పెద్దలు ప్రళయ కావేరి అంటారు. ఒడిశాలోని చిలికా తర్వాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం మన రాష్ట్రంలో, దక్షిణపు కొస తమిళనాడులో. ఇంత పెద్ద సరస్సు చాలాచోట్ల నడుము లోతు కూడా ఉండదు. ఒకసారి ఎన్నికల డ్యూటీ మీద ఇరకం వెళ్ళడానికి భీములవారిపాలెం రేవులో పడవెక్కి, ఓటింగ్ యంత్రాల పెట్టెలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. నాకైతే ఒకటే టెన్షన్. సగం దారిలో పడవ అడుగు బురదకు తగిలి ఆగిపోయింది. పడవాయన ఇంజను ఆపి, లుంగీ ఎగ్గట్టి దిగేశాడు. నీళ్ళు మోకాలి పైకి వచ్చాయంతే. పడవకు భుజం ఆనించి నెడుతూ, "కదలబాకండి సార్, మిషన్లు తడిస్తే మా ఓట్లు పోతాయి" అన్నాడు. ఓటంటే ఆయనకున్న పట్టింపు చూసి నాకు చెప్పలేనంత గౌరవం కలిగింది.

ఊళ్ళో ఇసుక దారులు, తాటిచెట్లు. వేపచెట్టు కింద ఒక పెద్దాయన వల అంచును కాలి బొటనవేలికి తగిలించుకుని, తెగిన కన్నును చెక్క సూదితో అల్లుతున్నాడు. మాతో తెలుగులో మాట్లాడుతూనే ఇంట్లో వాళ్ళకు అరవంలో కేక వేసి మాకు మజ్జిగ తెప్పించాడు. సరుకులకు తమిళనాడులోని ఆరంబాకం వెళ్తారు, కార్డులూ పింఛన్లూ అంటే తడకు వస్తారు. మనకు రాష్ట్రాల సరిహద్దు పెద్ద విషయం. వాళ్ళకు ఏ ఒడ్డుకు వెళ్ళాలన్నా పడవ ఎక్కాల్సిందే. చేపలు, రొయ్యలు, పీతలే ప్రధాన బతుకుతెరువు.

చరిత్ర అడిగారు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు సరస్సు దక్షిణపు కొసన, పళవేర్కాడులో (పులికాట్ ఊరికి అరవ పేరు) కోట కట్టుకుని బట్టల వ్యాపారం చేశారు. ఆ తర్వాత ఇంగ్లీషువాళ్ళ హయాంలో బకింగ్‌హామ్ కాలువ సరస్సు తూర్పు అంచున సాగింది. ఆ కాలువ పనుల్లో కొంత భాగం 1876-78 ధాత కరువులో కూలీలకు పని కల్పించడానికి జరిగింది. శ్రీహరికోట అడవి కట్టెలు ఆ కాలువ మీదే పడవల్లో మద్రాసు చేరేవి. ఒకప్పుడు ఇక్కడి రాకపోకలన్నీ నీటి మీదే. అప్పట్లో దీవిలో ఉన్నంత మాత్రాన ఒక ఊరు మారుమూల అయిపోయేది కాదు. బండ్లు రోడ్డెక్కాక కథ తిరగబడింది. 1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. 1971 అక్టోబరులో అక్కణ్ణుంచి మొదటి రాకెట్ ఎగిరింది. అదే సరస్సులో ఆ దీవికి సూళ్ళూరుపేట నుంచి నీళ్ళ మీదుగా రోడ్డు వెళ్ళింది. నేను వెళ్ళేనాటికి ఇరకానికి మాత్రం పడవే దారి. రాత్రిపూట కాన్పు నొప్పులు వస్తే ఏం చేస్తారని అడిగితే ఒక ఆడమనిషి, "నెల నిండకముందే అవతలి ఒడ్డుకు పంపిస్తాం సార్" అంది. రాకెట్లు లేచే చోటు పక్కనే ఈ మాట వినడం నాకు బాధగానే ఉంటుంది.

పిక్నిక్‌కి మాత్రం వద్దమ్మా. అది పార్కు కాదు, మనుషులు బతికే ఊరు. పిల్లలకు పక్షుల్ని చూపించాలంటే దొరవారిసత్రం దగ్గర నేలపట్టుకు వెళ్ళండి. చలికాలంలో అక్కడ నీళ్ళలో నిలబడే కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్ళు కట్టుకుంటాయి. ఇరకమే చూడాలనుంటే ఊరివాళ్ళతో ముందు మాట్లాడుకుని, తాగునీళ్ళు మీరే తీసుకెళ్ళి, పొద్దు వాలకముందే వెనక్కి రండి. ప్లాస్టిక్ చెత్త మీతోనే తెచ్చేయండి.

ప్రశ్న: పులికాట్ నీళ్ళు ఉప్పన అని కొందరు, చప్పన అని కొందరు అంటారు. ఏది నిజం?
– ఒక విద్యార్థి, శ్రీకాళహస్తి

జవాబు: రెండూ నిజమే బాబూ, నెలను బట్టి మారుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు కాళంగి, ఆరణి లాంటి ఏళ్ళు వచ్చి కలుస్తాయి కాబట్టి నీళ్ళు చప్పబడతాయి. ఎండాకాలం నీరు ఆవిరైపోయి ఉప్పు ముదురుతుంది, ఉత్తరం వైపు నేల బయటపడుతుంది. రొయ్య సముద్రంలో పుడుతుంది. పిల్లగా ఉన్నప్పుడు సరస్సులోకి వచ్చి పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ సముద్రానికి పోతుంది. ఆ రాకపోకలకు దారి, సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారమే. వాకాడు మండలం రాయదొరువు దగ్గర అది ఇసుకతో పూడిపోతే రొయ్యపిల్లలు లోపలికి రాలేవు, వల ఖాళీగా లేస్తుంది. పూడిక తీయించమని జాలరులు ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. ఇరకానికి వంతెన ఎంత అవసరమో, ఆ దారి తెరిచి ఉంచడమూ అంతే అవసరం.