సూపర్ యూజర్లు ఎంతమందో ముందు లెక్కపెట్టు

చిరంజీవి మేనకోడలికి,

ఆశీస్సులు. అర్బన్ బ్యాంకులో ఐటీ ఆఫీసరుగా చేరుతున్నావు కదా తల్లీ, చేరిన రోజే ఖాతాలన్నీ నడిపే సాఫ్ట్‌వేర్ అయిన కోర్ బ్యాంకింగ్‌లో సూపర్ యూజర్ల (ఏ మార్పైనా చెయ్యగల అధికారం ఉన్న లాగిన్ల) జాబితా తీయించు. బయటి చొరబాట్లను ఆపే కొత్త ఫైర్‌వాల్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

2022 జనవరిలో హైదరాబాద్ మహేష్ బ్యాంకులో 12 కోట్లకు పైగా పోయింది. దొంగలు అంతకు రెండు నెలల ముందే ఉద్యోగులకు మెయిళ్లు పంపి, తెరిచినవాళ్ల కంప్యూటర్లలోంచి లోపలికి దూరారు. సూపర్ యూజర్లు అవసరానికి మించి ఉన్నారనీ, కొందరి పాస్‌వర్డ్ ఒకటేననీ పోలీసులు తేల్చారు. ఆ అధికారం చేతికొచ్చాక దొంగలు ఖాతాల లావాదేవీ లిమిట్లు పెంచుకున్నారు, వారాంతం చూసి డబ్బు దాటించారు. 2023లో రిజర్వ్ బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా కూడా వేసింది.

అందుకే సూపర్ యూజర్లు ఇద్దరు చాలు. ఎవరి ఐడీ వాళ్లదే, పాస్‌వర్డుతో పాటు ఓటీపీ కూడా ఉండాలి. మానేసినవాళ్ల ఐడీ ఆ సాయంత్రానికే ఆపెయ్యి. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన కంపెనీ (వెండర్) వాళ్లు దూరం నుంచి వచ్చే రిమోట్ లాగిన్ పని ఉన్నంతసేపే తెరిచి ఉంచు.

రోజూ పొద్దున్నే నిన్నటి మార్పుల రిపోర్టు తియ్యాలి: పెరిగిన లిమిట్లు, మారిన మొబైల్ నంబర్లు, చాలాకాలం వాడక పడి ఉండి కొత్తగా కదిలిన డార్మెంట్ ఖాతాలు. ఒక్కోదాన్నీ కస్టమర్ ఇచ్చిన కాగితంతో సరిచూడాలి. ఆ పని ఐటీ వాళ్లకి ఇవ్వకు, ఆడిట్ వాళ్లు చెయ్యాలి. లావాదేవీలు అందరూ చూస్తారు, ఈ మార్పులే ఎవరి కంటా పడవు.

మేకర్-చెకర్ పద్ధతి, అంటే ఒకరు ఎంటర్ చేస్తే ఇంకొకరు సరిచూసి ఆమోదించడం, కాగితం మీద అన్నిచోట్లా ఉంటుంది. చిన్న బ్రాంచిలో చెకర్ భోజనానికి వెళ్తూ పాస్‌వర్డ్ మేకర్‌కి చెప్పి వెళ్తే ఆ కట్టుదిట్టం అక్కడితో సరి. తిట్టి లాభం లేదమ్మా, ఆ గంటకి మూడో ఆఫీసర్ని వెయ్యి.

2020 డిసెంబరు నుంచి పెద్ద మొత్తాలు బ్యాంకు నుంచి బ్యాంకుకు వెంటనే పంపే ఆర్‌టీజీఎస్ రాత్రీపగలూ నడుస్తోంది. కాబట్టి సెలవురోజులకూ రాత్రులకూ వేరే లిమిట్ పెట్టు. అది దాటితే మెయిల్ కాదు, మనిషికి ఫోన్ మోగాలి.

అనుమానం వస్తే నెట్‌వర్క్ కేబుల్ పీకు. కంప్యూటర్ ఆపకు, ఫార్మాట్ అసలే చెయ్యకు, మెమరీలోని ఆధారాలు పోతాయి. డబ్బు చేరిన బ్యాంకుల నోడల్ ఆఫీసర్లకు (ఇలాంటి ఫిర్యాదులు చూసేవాళ్లకు) వెంటనే ఫోన్ చెయ్యి, ఆపైన సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి. రిజర్వ్ బ్యాంకుకు తెలపడంలో ఆలస్యం వద్దు, సైబర్ దాడులు చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కైతే గడువు 6 గంటలే. ఆ నంబర్లన్నీ కాగితం మీద రాసి బల్ల అద్దం కింద పెట్టుకో, ఆ వేళకి మీ మెయిల్ తెరుచుకోకపోవచ్చు.

ఇట్లు,
మీ మావయ్య