టెట్ సైకాలజీలో 14 మార్కులు: ఒక తండ్రి దిగులుకు జవాబు

ప్రశ్న: మా అమ్మాయి బీఈడీ చేసింది. టెట్ రెండుసార్లు రాసినా 96 దాటలేదు. సైకాలజీలో 30కి 14 వచ్చాయి. ఎంత చదివినా గుర్తుండడం లేదంటుంది. రోజూ అన్నం దగ్గర నేనే బిట్లు అడుగుతాను, తప్పు చెబితే వాళ్ల అక్కను చూసి నేర్చుకోమంటాను. మూడు నెలల ఆన్‌లైన్ కౌన్సెలింగ్ కోర్సు చేయిస్తే మంచి ఆదాయమని బంధువులు అంటున్నారు. డీఎస్సీయా, ఆ కోర్సా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: 150కి 96 అంటే మీ అమ్మాయి టెట్ గట్టెక్కింది. ఆ అర్హత జీవితకాలం చెల్లుతుంది. మీ ఉత్తరంలో ఆ సంగతే లేదు, ‘దాటలేదు’ అన్న మాట మాత్రం ఉంది. అడిగింది కోర్సు గురించే అయినా, పిల్లకు తెలివి చాలదేమోనన్న భయం అడుగడుగునా కనిపిస్తోంది. ఆ భయం అక్కర్లేదు.

లోపం చదివే తీరులో ఉంది. నేర్చుకోవడంపై ప్రయోగాలు చేసిన శాస్త్రవేత్తలను పావ్‌లోవ్‌కు కుక్క, థార్న్‌డైక్‌కు పిల్లి, కోహ్లర్‌కు చింపాంజీ అని జతలు కట్టి బట్టీ పడితే, ప్రశ్న కాస్త తిప్పి అడగగానే అన్నీ కలగాపులగం అవుతాయి. బ్రాడీపేట నుంచి వచ్చిన ఒక విద్యార్థిని ఋణాత్మక పునర్బలనం అంటే దండన అని నోట్సులో రాసుకుంది. కారులో సీటు బెల్టు పెట్టుకునేదాకా మోగే శబ్దాన్ని గుర్తుచేశాను. బెల్టు పెట్టగానే మోత ఆగుతుంది, అందుకే మర్నాడు ఎక్కగానే పెట్టుకుంటాం. ఇబ్బంది తొలగి ప్రవర్తన బలపడింది. దండన అయితే ప్రవర్తన తగ్గాలి. ఆమె ఆ పేజీ కొట్టేసి, తన మాటల్లో మళ్లీ రాసుకుంది. పిల్లల ఆలోచన దశలవారీగా ఎదుగుతుందన్న పియాజే సంగతీ అంతే. పక్కింటి అయిదేళ్ల పిల్లవాడి ఎదుట పొట్టి గ్లాసులోని నీళ్లు సన్నటి పొడుగు గ్లాసులోకి వంచి, ఇప్పుడు నీళ్లు పెరిగాయా అని అడగమనండి. పెరిగాయనే అంటాడు చాలావరకు. కంటికి కనిపించిన ఎత్తును బట్టే పిల్లలు లెక్కకట్టే ఆ పూర్వ ప్రచాలక దశ ఇక ఆమెకు మరుపు రాదు.

ఆ కోర్సు మీద నాకు నమ్మకం లేదు. చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా వచ్చి ఎదుట కూర్చుంటే, మూడు నెలల సర్టిఫికెట్‌తో ఆమె ఏం చేయగలదు? క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే పీజీ చేయాలి, ఆపైన ఆసుపత్రిలో శిక్షణ పొందాలి, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు కావాలి. ఏళ్లు పట్టే దారి అది. ఆమెకే మనసుంటే ఎమ్మెస్సీతో మొదలుపెట్టవచ్చు. బంధువుల మాట మీద మాత్రం వద్దు.

ఇంకొకటి కటువుగానే చెబుతాను. తిండితో జతపడిన శబ్దం వినగానే పావ్‌లోవ్ కుక్కకు నోరూరింది. మీ ఇంట్లో సైకాలజీకి అవమానం జతపడింది. పుస్తకం తెరవగానే ఆ పిల్లకు గుండె దడ రాకుండా ఎలా ఉంటుంది? అన్నం దగ్గర బిట్లు ఈ రోజే మానండి. అక్క ప్రస్తావన అసలే వద్దు.

డీఎస్సీలో టెట్‌కు 20 శాతం వెయిటేజీ. సైకాలజీలో 14ను 22 చేసుకుంటే తుది లెక్కలో ఒక మార్కు పెరుగుతుంది. ఒక్క మార్కు దగ్గర ఎందరు ఆగిపోతారో మీకు తెలియనిది కాదు. ఆమెను డీఎస్సీకే చదవనివ్వండి. ఆ కోర్సుకు ఇంకా డబ్బు కట్టకపోతే కట్టకండి.